గరాజ్‌లో ఆరు పెయింట్ డబ్బాలు

మా గరాజ్ ఇంటికి ఆనుకుని ఉండదు. పెరట్లో విడిగా ఉంటుంది. ట్రాయ్ ఊళ్ళో ఈ ఇల్లు కొన్న మొదటి చలికాలం, అందులో పెట్టుకున్న నా చెక్కపని జిగురు సీసాలన్నీ గడ్డకట్టి పాడయ్యాయి. మరుసటి ఏడాది గోడల్లో ఫోమ్ షీట్లు దూర్చాను, తలుపు కింద రబ్బరు పట్టీ బిగించాను, పైకప్పుకి ఎలక్ట్రిక్ హీటర్ వేలాడదీశాను. థర్మోస్టాట్ నలభై డిగ్రీల ఫారెన్‌హీట్ మీద, అంటే నీళ్ళు గడ్డకట్టే చలికి కాస్త పైన, పెట్టాక లోపల ఏదీ గడ్డకట్టలేదు.

ఆ సంగతి తెలిసే మా తెలుగు చర్చి సంఘపెద్ద ఒక అక్టోబర్‌లో ఆరు పెద్ద పెయింట్ డబ్బాలు తెచ్చి మా దగ్గర పెట్టాడు. ఆయన బేస్‌మెంట్ కోసం కొన్నవి. నీళ్ళు కలిసిన రకం, ఒకసారి గడ్డకడితే ఇక పనికిరాదు. ఆయన గరాజ్‌లో హీటర్ లేదు. చలి తగ్గాక తీసుకెళ్తానన్నాడు.

ఆ నెలలోనే నా భార్యకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గొంతు కాస్త బొంగురుపోయింది. చర్చి పాటల బృందం, క్వయర్‌లో పదేళ్ళుగా ముందు నిలబడి పాడింది ఆమే. క్రిస్మస్ ప్రాక్టీసులో సంఘపెద్ద అందరి ముందూ ఆమె ముందున్న మైకు పక్కకు జరిపాడు.

"సిస్టర్, మీ వాయిస్ ఇప్పుడు మైక్‌కి సెట్ అవ్వట్లేదు. ఈసారి కిచెన్ చూసుకోండి," అన్నాడు.

ఆమె నవ్వి సరేనంది. కార్‌లో ఇంటిదాకా కిటికీలోంచి బయటికే చూసింది. నేను ఆ హాల్లోనే ఏదో ఒకటి అని ఉండాల్సింది. అనలేకపోయిన కోపం కూడా ఆయన మీదకే మళ్ళింది.

జనవరిలో గట్టి చలి రాబోతోందని తెలిసిన శనివారం ఉదయం, నా సీసాలన్నీ ఇంట్లోకి మోసుకొచ్చాను. ఆఖరున హీటర్ ఆపేశాను. లోపలికొచ్చి కాఫీ తాగాను. అంత రుచిగా తాగి చాలా కాలమైంది. ఆ తర్వాత రోజూ వెళ్ళి డబ్బాలను ఊపి చూశాను. మూడో రోజుకి లోపల కదలిక లేదు.

ఏప్రిల్‌లో ఆయన వచ్చి మూత తీశాడు. పెయింట్ విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా ఉంది. హీటర్ ఫెయిలై ఉంటుందిలే, మీరేం చేస్తారు బ్రదర్ అంటూ నన్నే ఓదార్చాడు. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ఎవరు చేశారో ఆయనకు తెలియకపోతే నాకు తృప్తి లేదు.

"హీటర్ బానే ఉందండి. నేనే ఆఫ్ చేశాను. ప్రాక్టీస్ రోజు మా ఆవిడని మీరన్న మాటకి."

ఆయన మూత బిగించి, డబ్బాలు ఒక్కొక్కటే కార్‌లోకి మోసుకున్నాడు. నేను చెయ్యి వెయ్యలేదు.

విషయం చెప్తే నా భార్య సంతోషిస్తుందనుకున్నాను.

"ఆయన అన్నది నన్ను. అడగాలంటే నేనే అడిగేదాన్ని. ఇప్పుడు నేనేం మొహం పెట్టుకుని అడగను?" అంది.

ఇప్పుడామె క్వయర్‌లో రెండో వరసలో పాడుతోంది. సంఘపెద్ద ఆమెకు వందనాలు చెప్పి, నన్ను దాటుకుని వెళ్ళిపోతాడు. ఆయన్ని క్షమాపణ అడగమని పాస్టర్‌గారు నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. ఆలోచిస్తానన్నాను. ఇంతవరకు అడగలేదు.