అడ్డుతెరల రాజక్క

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్‌లలో ఎవరింట పెళ్లయినా, వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర రాజక్క చేతిదేనని నేను పందెం కాసేవాణ్ణి. ఎప్పుడూ ఓడలేదు. ఒక్కసారి ఓడిపోయాననుకుని తెర వెనక్కి తిప్పి చూస్తే కుట్టు ఆమెదే, మీద చీటీ మాత్రం చిక్కడపల్లి షావుకారుది. ఆయన రాజక్క దగ్గర సగం ధరకు కొని, తన పేరుతో అమ్ముకునేవాడు.

అసలు పేరు రాజకుమారి. అశోక్ నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. భర్త కిషన్ రావు గారు ఆఫీసుకు బయల్దేరగానే మంచం ఎత్తి గోడకు చేరవేసి, తెల్లపట్టు నేలంతా పరిచి కూర్చునేది. మధ్యలో ఎర్రటి స్వస్తిక్, ఒక పక్క పిల్ల పేరు, ఇంకో పక్క పిల్లవాడి పేరు, చుట్టూ జరీ అంచు. ఇరవై ఏళ్లుగా అదే పని. ఒక నియమం మాత్రం ఉండేది. లగ్నపత్రిక కళ్లారా చూస్తే తప్ప సూది ముట్టేది కాదు. పేర్లు కుట్టాక సంబంధం చెడితే ఆ కుట్లు విప్పడం తనకు దోషమని ఆమె నమ్మకం. పత్రిక తేకుండా వచ్చినవాళ్లు మంత్రిగారి తాలూకు అయినా సరే, చాయ్ తాగించి పంపేది.

ఇక నేను. పేరు ఉమాకాంత్. నారాయణగూడలో నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తొంభై ఎనిమిదిలో మిషన్లన్నీ అమ్మేసి, రెండు కంప్యూటర్లు కొని, ఇంటర్నెట్ అని బోర్డు పెట్టాను. దాంతో నాకు తెలియనిది లేదని బస్తీ అంతా నమ్మింది. నేనూ నమ్మాను. వచ్చిన తంటా అంతా అక్కడే.

రాజక్కను ఎగదోసింది నేనే. ఇంటర్నెట్‌లో దుకాణం పెడదామన్నాను. కిరాయి లేదు, షావుకారు లేడు, మధ్యలో ఎవ్వడూ ఉండడని ఊదరగొట్టాను. ఒక పెద్ద అమెరికా కంపెనీ, పేరెందుకు లెండి, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అడిగినవాళ్లకల్లా పేజీలు ఉచితంగా ఇస్తోంది. పేజీతో పాటు ఉత్తరాల పెట్టె కూడా. ముందు నలభై పేజీల షరతులు చూపించి, ఒప్పుకుంటారా అని అడిగింది. బస్సు టికెట్టు వెనక అచ్చు ఎవడైనా చదువుతాడా? ఒప్పుకున్నానని నొక్కాను.

ఆరు తెరల ఫొటోలు పెట్టాం. నెల తిరక్కుండా బొంబాయి నుంచి ఒకటి, సింగపూర్ నుంచి ఒకటి, నైరోబీ నుంచి మూడు ఆర్డర్లు వచ్చాయి. చేతిరాత లగ్నపత్రికలు కూడా స్కాన్ చేసి మెయిల్లోనే పంపేవాళ్లు. రాజక్క వాటిని కంప్యూటర్ తెర మీద చదివి, నమ్మకం చాలక అచ్చు తీయించుకుని మరీ చదివేది. ఒక రోజు షావుకారు దుకాణానికి వెళ్లి, ఇక మీకు తెరలు కుట్టనని నలుగురి ముందు చెప్పి వచ్చింది. ఆ రోజు ఆమె నడక చూసి తీరాల్సింది.

తొంభై తొమ్మిది ఆషాఢం. పెళ్లిళ్లుండవు, కానీ శ్రావణం ముహూర్తాల తెరలన్నీ అప్పుడే కుట్టాలి కనుక ఆమెకు చేతినిండా పని. మస్కట్ నుంచి మనోరమ గారని ఒకావిడ కూతురు శ్రీదివ్య పెళ్లికి తెర అడిగింది. శ్రావణంలో ముహూర్తం, పెళ్లి మస్కట్‌లోనే. పత్రిక వచ్చింది, తెర తయారైంది. పంపాల్సిన అడ్రసు సోమవారం మెయిల్లో వచ్చింది. ప్రింటరులో సిరా అయిపోయి ఉంది. చేత్తో రాసుకోవచ్చు, కానీ నాకు బద్ధకం. రేపు రాసుకుందాంలే అక్కా, ఎక్కడికి పోతుందన్నాను.

మంగళవారం పొద్దున పేజీ లేదు. ఉత్తరాల పెట్టె తెరుచుకోలేదు. దాని బదులు నాలుగు వరుసల ఇంగ్లీషు. మీ పేజీలో ద్వేషాన్ని ప్రచారం చేసే గుర్తు ఉన్నందున ఖాతా మూసివేయడమైనది, అని.

రాజక్క వచ్చాక తెలుగులో చెప్పాను. ఆమె అడిగింది.

"ద్వేషమా? ఎవల మీద?"

జర్మనీ గురించి, యుద్ధం గురించి, అక్కడి వాళ్లు స్వస్తిక్ గుర్తును ఏం చేశారో నాకు తెలిసినంత చెప్పాను. చచ్చినవాళ్ల లెక్క విని ఆమె పాపం పాపం అంది. ఆ తర్వాత, ఎవడో దొంగ మన గుర్తు ఎత్తుకుపోయి చేయరాని పనులు చేస్తే, మనం గడప మీద ముగ్గు తుడుచుకోవాలా అంది. అసలు జవాబు చెప్పాల్సింది కంపెనీ కదా అని, నా సొంత మెయిల్ నుంచి వాళ్లకు రాద్దామన్నాను.

ఉత్తరం రాజక్కే చెప్పింది. ఉభయకుశలోపరితో మొదలుపెట్టి, తమ ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను అని, ఆపైన పెళ్లిలో తెర ఎందుకు పడతారో విడమరిచి చెప్పింది. నా ఇంగ్లీషులో రాసి పంపాను. నిమిషంలో జవాబు. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది, మీ విషయం పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు.

రాజక్క ముచ్చటపడింది. తన భర్త ఆఫీసులో ఒక కాగితం మీద సంతకానికి వారం పడుతుందట, ఈయనెవరో మస్తు పనిమంతుడట. రెండో ఉత్తరంలో ఆ పనిమంతుణ్ణి పొగిడి, ఇంకొంచెం వివరంగా చెప్పింది. నిమిషంలో అదే జవాబు, అక్షరం పొల్లుపోకుండా.

అప్పుడు ఆమె కళ్లలో కొంటెతనం మెరిసింది. మూడో ఉత్తరం రాయమంది. మా ఇంట్లో పెళ్లి ఉంది, తమరు పిల్లాపాపలతో తప్పక రావాలి, బగారా అన్నం, పప్పు, డబల్ కా మీఠా, విస్తళ్లు ఎత్తడానికి కూడా మీరే రావాలి, అని. పంపాను. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది, మీ విషయం పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు.

ఇద్దరం కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వాం. నవ్వు ఆగాక రాజక్క కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ కొంగు అట్లాగే పట్టుకుని కూర్చుంది.

"షావుకారుతోని కొట్లాడిన తమ్మీ. ఆయన మొఖం నాకు తెలుసు. ఈడ మొఖమే లేదు. ఎవలతోని కొట్లాడాలె?"

పెనం మీంచి తప్పించి పొయ్యిలోకి తోసింది నేనే. చెంప పగలగొట్టినా పడేవాణ్ణి. పేజీ పోతే పోయింది, ఇంకోటి పెట్టుకోవచ్చు. మనోరమ గారి ఇంటి అడ్రసూ, మెయిల్ అడ్రసూ ఆ పెట్టెలోనే ఉండిపోయాయి. మాకూ ఆవిడకూ మధ్య ఉన్న దారి అదొక్కటే. అక్కడ పెళ్లి ఇల్లు ఎదురు చూస్తోంది, ఇక్కడ తెర మడత పెట్టి ఉంది. రాజక్క ఇరవై ఏళ్లలో ఏ ముహూర్తానికీ తెర తప్పించలేదు. మస్కట్ ఆవిడ రాసే ఉత్తరాలన్నీ తిరిగిపోతుంటాయి. హైదరాబాదు ఆమె మోసం చేసిందని అనుకుంటుంది. రాజక్కకు అన్నం సహించనిది ఆ మాట తలుచుకునే.

రెండు రోజులు నేను కంప్యూటర్‌తో కుస్తీ పట్టాను. మూడో రోజు రాజక్క నా ముందున్న కాగితాల్లోంచి శ్రీదివ్య లగ్నపత్రిక తీసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. పత్రికలో అడ్రసు లేదక్కా అని వెనక నుంచి అరిచాను. తిరిగి చూడలేదు.

పత్రికలో అడ్రసు లేదు గాని, పత్రిక రాసిన చెయ్యి ఉంది. అన్ని వేల పత్రికలు చదివిన మనిషికి ఏ పురోహితుడి రాత ఏదో తెలియదా? అది బాగ్ లింగంపల్లి ఫణీంద్రయ్య గారి రాతని మొదటి రోజే పోల్చుకుందట. నేను పెద్ద తెలివిగలవాణ్ణి కదా, దారి నేనే చూపిస్తానని ఓపిక పట్టిందట. అయ్యగారు పంచాంగం సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, శ్రీదివ్య మేనమామ కాచిగూడలోనే ఉంటాడని, వచ్చే శనివారం కుటుంబంతో మస్కట్ బయల్దేరుతున్నాడని చెప్పారు. ఆయన నలభై పేజీల షరతులేమీ చూపించలేదు. చాయ్ ఒక్కటి అడిగారు.

శుక్రవారం సాయంత్రం తెర మేనమామ సూట్‌కేసులో పడింది. నేను ఆటో కిరాయి ఇస్తానంటే రాజక్క ఇవ్వనిచ్చింది. నాకు పడిన శిక్ష అదొక్కటే.

దసరా ముందు ఒక మధ్యాహ్నం, ఏదో వెతుకుతూ ఆ కంపెనీ మొదటి పేజీ తెరిచాను. ప్రపంచ వివాహాల ఫొటోల పోటీ, మొదటి బహుమతి. ఫొటో మెల్లగా పైనుంచి కిందికి దిగుతోంది. ముందు బాసికం, తర్వాత తెర మీదుగా దొంగచూపు చూస్తున్న పెళ్లికూతురు, ఆ తర్వాత తెర. నడుమ కంచమంత ఎర్రటి స్వస్తిక్. పక్కన శ్రీదివ్య అనే పేరు. ఏ కంపెనీ అయితే ద్వేషమని తాళం వేసిందో, అదే కంపెనీ నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తోంది. చివర తెర అంచు దిగింది. జరీ పని అనుకున్నది జరీ పని కాదు. అవి ఇంగ్లీషు అక్షరాలు. రాజకుమారి, అశోక్ నగర్, హైదరాబాద్, ఆపైన ఇంటి ఓనరు ఫోన్ నంబరు.

పరుగున వెళ్లేసరికి ఇంటి ఓనరు వేదవతి గారు మేడ మీంచి కేకలు పెడుతున్నారు. పొద్దుటి నుంచి విదేశాల ఫోన్లట, మెట్లు దిగలేక మోకాళ్లు పోయాయట. రాజక్క అప్పటికే పదకొండు పేర్లు రాసుకుంది. అందరికీ పత్రిక పోస్టులో పంపమని చెప్పిందట. ఆ నంబరు ఎప్పుడు కుట్టావక్కా అంటే, సూట్‌కేసులో పెట్టే ముందు అంది.

"పేజీ వాళ్లది, పెట్టె వాళ్లది. తెర నాదే గద."

ఆనందమూ పట్టలేకపోయాను, కోపమూ పట్టలేకపోయాను. ఆమెను నా దుకాణానికి తీసుకొచ్చి, ఫొటో చూపించి, కంపెనీకి ఉత్తరం మొదలుపెట్టాను. మీ కళ్లు ఎక్కడున్నాయి, ఇప్పుడేమంటారు, ముందు క్షమాపణ చెప్పండి, మా పేజీ మాకివ్వండి అని పేజీన్నర దంచాను. పంపడానికి వేలు ఎత్తాను. రాజక్క నా చెయ్యి పట్టుకుంది.

"పంపకు తమ్మీ. ఆ గుర్తును వాళ్లింకా చూడలే. నువ్వు రాస్తే చూస్తరు."