వాగు ఎర్రబారిన ఆదివారం

బుల్డోజరు తోలడంలో హాలిస్ టిడ్వెల్‌కు మా కౌంటీలో సాటి లేరు. అయినా మా చర్చి సంఘం కట్టదలచిన కొత్త మందిరానికి నేల చదును చేసే పని అతని చెల్లెలి భర్త డాయిల్‌కు దక్కింది. ఆనాటి నుండి హాలిస్ నోటికి మొక్కజొన్న రొట్టె సైతం చేదెక్కింది.

మట్టి కదిలించడానికి కౌంటీ ఇచ్చే అనుమతి ఒక షరతు మీద నిలుస్తుంది: కొండ మట్టి వాగులోకి దిగరాదు. అందుకై పని చుట్టూ నల్లని గుడ్డకంచె నిలిపి, దాని అడుగంచును గాడి తవ్వి పూడ్చాలి. డాయిల్ కంచె మట్టిని ఆపలేకపోతే అతని అనుమతి పోవును, మందిరం పని హాలిస్‌కు వచ్చును. ఆ ఆశతో హాలిస్, వాగుకు ఎగువన తాను చదును చేస్తున్న ఇళ్ల స్థలాన్ని విడిచి, ట్రక్కులో కూర్చుని దిగువనున్న ఆ కంచెకే కాపు కాసేవాడు.

"పెళ్లికూతురి మేలిముసుగులా కట్టాడు చూడు! మట్టిపనికి అంత సింగారమా?" అన్నాడు భార్య వెర్నాతో.

"నీ కంచె అంచు పూడ్చావా మరి?"

"రేపు పూడుస్తాలే. వానొస్తే ముందు పడేది వాడిదే."

శనివారం కుండపోతగా కురిసింది. మరునాడు బాప్తిస్మాలకు మేమంతా వాగు దిగువనున్న మడుగు చేరేసరికి నీరు ఇటుకరంగులో ఉంది. నీట మునగడానికి తెల్లని వస్త్రాలు ధరించినవారు గట్టునే ఆగిపోయారు. హాలిస్ ముఖం ఒక్కటే వెలిగింది. కీర్తన ముగియకముందే కౌంటీ తనిఖీ అధికారిణి లెడ్‌ఫర్డ్ గారికి ఫోను చేశాడు.

ఆమె వచ్చి వాగువెంట ఎగువకు నడిచింది, వెనుక మేము. డాయిల్ కంచె వెనుక మట్టి మడమలోతున బుద్ధిగా నిలిచి ఉంది. వాగు మాత్రం అక్కడికి చేరకముందే ఎర్రగా ఉంది. ఇంకా పైకి వెళ్లాం. హాలిస్ కంచె నిటారుగానే ఉంది, పూడ్చని దాని అంచు కిందుగా కొండ మట్టి వాగులోకి జారిపోతోంది.

"నన్ను పిలిచింది మీరే కదా, హాలిస్ గారూ?" అంటూ ఆమె పని ఆపమనే నోటీసును అతని కంచె గుంజకే తగిలించింది.

సాయంత్రం డాయిల్ పారలతో వచ్చాడు.

"ట్రక్కు దిగు బావా, చీకటి పడేలోగా పూడ్చేద్దాం. ఆవిడ రేపొచ్చి చూస్తుంది."

"ఆదివారం పని చేస్తే పాపం కాదూ?"

"ఎద్దు గోతిలో పడితే ఆదివారమైనా లాగుతాం కదా. ఎద్దుకంటే నువ్వేం బరువు కాదులే."

ఇద్దరూ తవ్వారు. డాయిల్ గాడి దారం పట్టినట్లు సూటిగా సాగింది. హాలిస్ దానినీ, తన వంకర గాడినీ మార్చి మార్చి చూశాడు.

"ఇది కూడా నీకే బాగా రావాలా?" అని గొణిగి, తాను తవ్విందంతా పూడ్చేసి, మళ్లీ మొదటినుండి తవ్వసాగాడు.