జరీగుడ్డతో తుడిచిన తలుపు

ఆ రోజుల్లో నా లెక్కలో స్టీరింగు పట్టుకున్నోడే మనిషి. మాది ధర్మవరం, ఇంటిల్లిపాదీ పట్టుచీరలు నేసేవాళ్ళమే. మా మామ ఒక్కడే ఆ చీరలు కార్లో ఏసుకోని హిందూపురం అంగళ్ళకు అమ్మేవాడు. ఆయన కొత్తగా నల్లకారు కొన్నాడు. ఒక ఆదివారం బస్సులో హిందూపురం పోయి, ఆడి నుంచి ఫోన్ చేసి, "బండి తీసుకోని రారా. ఒక్క గీత పడకుండా తెచ్చినావంటే ఈ పొద్దు నుంచి డ్రైవరు నువ్వే. పడిందా, గమ్మున మగ్గంలోకి దిగు" అన్నాడు. (నా లైసెన్సు వయసు అప్పటికి పదకొండు దినాలు.)

ముందురోజు వాన పడిండె. పెనుకొండ కాడ ఒక లారీ నా పక్క తలుపు మీద బురద కొట్టి పోయింది. టీ అంగడి ముందర నిలిపి, డిక్కీలో ఉన్న పట్టుగుడ్డ తీసినా. చీర అంచు నుంచి కత్తిరించిన ముక్క అది. పట్టు కన్నా మెత్తనిది లోకంలో ఏముంటాది అనుకోని, నీళ్ళు గూడా పోయకుండా ప్రేమగా రుద్దినా. అంచులో జరీ ఉంటాదని, జరీ అంటే తీగేనని, అదే పనిలో పుట్టి పెరిగిన నాకు తట్టలేదు. బురద పోయినాక ఎండలో చూస్తే తలుపంతా సాలెగూడు మాదిరి గుండ్రంగా గీతలు.

పక్కనే కార్లకు రంగు కొట్టే షెడ్డు. అందులో పెద్దాయన వచ్చి గోరు ఆనించి చూసి, "ఏమప్పా, కొత్త బండిని కొబ్బరి పీచుతో తోమినావా? గోరు తట్టుకుంటాండాది, రంగు తెగింది. రెండు దినాలు ఇడిసిపెట్టి పో, తలుపు మొత్తం మళ్ళా రంగు కొట్టాల" అన్నాడు. గోరు మాట ఇనేసరికి నాకు పాణం లేచొచ్చింది. చీర మీద గోరు జరిపి పోగు తప్పు పట్టేది మా అవ్వ నాకు ఎనిమిదేండ్లప్పుడే నేర్పింది (పట్టలేకపోతే ఆ గోటితోనే గిచ్చేది). కండ్లు మూసుకోని తలుపు పొడుగునా జరిపినా. యాడా తట్టుకోలేదు. "రంగుకు తగల్లేదు పెద్దాయనా, పైనుండే గాజు మాదిరి పూతకే గీతలు. నీ గోరే పగిలిండాది, చూసుకో" అన్నా. ఆయన గోరు చూసుకున్నాడు. వేరే వేలితో మళ్ళా జరిపినాడు. లోపలికి పోయి పాలిష్ పేస్టూ, మెత్తటి గుడ్డా తెచ్చి, "మెల్లగా రుద్దు, ఆ పూత గూడా పోగొట్టుకునేవు" అన్నాడు. రెండు గంటలు రుద్దినా. తలుపులో నా మొగం మీసంతో సహా కనపడింది.

హిందూపురంలో మామ బండి చుట్టూ తిరిగినాడు. నా తలుపు కాడ నిలబడి క్రాపు సరిజేసుకున్నాడు. దాని పక్కన మిగతా మూడు తలుపులు చూసి మొగం మాడ్చుకుని, "ఇవేం గీతల్రా? యాడ గీకించినావు?" అన్నాడు. వాటిని నేను ముట్టనే లేదు. జరిగిందంతా చెప్పి, గుడ్డ చూపించినా. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నెల నుంచి రోజూ దీంతోనే తుడుస్తాండా గదరా" అన్నాడు మెల్లగా. తాళాలు నా చేతిలో పెట్టి, "మీ అత్తకు చెప్పొద్దు. ఆ మూడు గూడా నువ్వే రుద్దు, డ్రైవరూ" అన్నాడు.

ఇప్పుడు నాకు సొంత కారే ఉండాది. దాని మీద గీతలు యాడబడితే ఆడ ఉండాయి, రేపు చూద్దాంలే అని నెట్టుకొస్తాండా. తాళాలు జేబులో ఏసుకోని, మూడు తలుపులు ఈల ఏసుకుంటా రుద్దిన ఆ పిల్లోడు గుర్తొస్తే నవ్వొస్తాది. నిజం చెప్పాలంటే, వాణ్ణి చూస్తే కొంచెం కుళ్ళు గూడా.