సుత్తి దాచిన పాటల టీచరు

సాలూరు పక్క చిన్న బడిలో, పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో, పాటల టీచరు జ్ఞానసుందరి. బుగ్గలో ఎప్పుడూ లవంగం, చంకలో హార్మోనియం పెట్టె. పాటల క్లాసులో తాయారు అనే పిల్లని పక్కనే కూర్చోబెట్టుకునేది. ఆ పిల్ల మాట్లాడదు, ఎవరి మొహమూ చూడదు, హార్మోనియం మోగితే మాత్రం శ్రుతి తప్పకుండా కూనిరాగం తీస్తుంది. బడిగంట మోగిందా, చెవులు మూసుకుని కేకలే! “రేపు గంటకి అరిసిందంటే పేరు కొట్టేస్తాను,” అన్నాడు హెడ్మాస్టరు నారాయణమూర్తి.

మర్నాడు గంట కొట్టే సుత్తి మాయం. టీచరు హార్మోనియం ఒళ్లో పెట్టుకుని, దాని పెట్టె మీద కూర్చుంది.

“సుత్తేదమ్మా?” అన్నాడు హెడ్మాస్టరు.

“నా కిందున్నాది. లేపి తీసుకోండి సూద్దాం.”

ఆయన నోరు తెరిచేలోగా తాయారు వచ్చి, హార్మోనియం మీద ప్రార్థన పాట మొదటి స్వరం మెట్టు నొక్కి పట్టుకుంది, టీచరు తిత్తి ఆడించింది. పిల్లలందరూ వరస కట్టేశారు.

“ఇదేటమ్మా?”

“గంటండీ. బడి మొదలైపోనాది, పదండి.”