చొక్కా పీలిక ముడి

మా అత్త చెత్తబండి మీద పనిచేస్తుంది. గొప్పగా చెప్పుకునేదేమీ లేదు, దాచిపెట్టుకునేదీ కాదు. పొద్దున్నే బండెక్కుతుంది. ఇళ్ళ ముందు పెట్టిన డబ్బాలు ఎత్తి పోస్తుంది. సాయంత్రానికి ఒళ్ళు హూనమై ఇల్లు చేరుతుంది. చేతులు కడుక్కుని, వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కుంటుంది.

ఆ బండిలో పొడి చెత్తే వెయ్యాలి. అట్టలు, సీసాలు, కాగితాలు, ప్లాస్టిక్ డబ్బాలు. వాటిలో తిండి కలిస్తే కాగితమంతా తడిసి ఎందుకూ కొరగాదు. చెత్త ఏరి వేరుచేసే షెడ్డులో బండిని లోపలికే రానివ్వరు. అందుకని అత్త ప్రతి డబ్బా మూతా ఎత్తి చూస్తుంది. కూర కనబడిందా, ఎర్ర స్టిక్కరు అంటించి డబ్బాని అక్కడే వదిలేస్తుంది. వీధిలో ఆమె పేరు స్టిక్కరమ్మ. ఎదురింటి మాస్టారికి ఆమంటే ఒళ్ళుమంట.

బండి తిరిగే ఈ దారి వదులుకోవడం అత్త వల్ల కాదు. మావయ్యకి పక్షవాతం, కుడివైపు పడిపోయింది. మధ్యాహ్నం ఎవరో ఒకరు పక్కకి తిప్పకపోతే వీపు పుండవుతుంది. బండి ఆ వేళకి సరిగ్గా వాళ్ళింటి ముందుకొస్తుంది. అత్త లోపలికి పరిగెత్తి ఆయన్ని తిప్పి, అన్నం గిన్నె ఎడమచేతికి అందేలా పెడుతుంది. మంచానికి పొడి చెత్త సంచి ఒకటి వేలాడుతుంటుంది. ఖాళీ అట్టపెట్టెలు మడిచి అందులో వెయ్యడం మావయ్య పని. ఆయన చెయ్యగలిగింది అదొక్కటే. ఆ సంచి మూతికి అత్త ఆయన పాత చొక్కా పీలికతో ముడేసి, పట్టుకొచ్చి బండిలో విసిరేస్తుంది. ఈలోగా డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉంటాడు. అందరూ అతన్ని హారన్ అనే పిలుస్తారు. మనిషి మంచివాడే, ఆ చెయ్యే ఊరుకోదు.

ఆ మధ్య షెడ్డునుంచి బండి తరచూ వెనక్కి రావడం మొదలైంది. లోడులో అన్నం దొరుకుతోందట. ఇంకోసారి ఇలా జరిగితే అత్తని ఊరి అవతలి దారికి మార్చేస్తానని సూపర్‌వైజరు తేల్చి చెప్పాడు. దాంతో అత్త వీధి మీద పడింది. సంచులు విప్పి చూసింది, గడప గడపకీ గొడవ పెట్టుకుంది. మాస్టారి డబ్బాలో బిస్కెట్ పొడి కనిపిస్తే దానికీ స్టిక్కరు వేసింది.

"రేపటినుంచి వేలిముద్రలు కూడా తీసుకుంటావా అమ్మా?" అన్నాడాయన.

అత్త పక్కింటి డబ్బా మూత ఎత్తింది. వాదించే ఓపిక ఎక్కడుంది?

ఆ రోజే షెడ్డువాళ్ళు బండి మళ్ళీ ఆపారు. లోడంతా నేలమీద దింపించి, ఎవరి చెత్తో చూపించమన్నారు. అత్త వంగి ఏరడం మొదలుపెట్టింది. ఒకచోట అట్టలు తడిసి ముద్దగా ఉన్నాయి. వాటికింద నలిగి చిరిగిన సంచి, అందులో పగిలిన పెరుగు డబ్బా, డబ్బా నిండా అన్నం. సంచి మూతికి చొక్కా పీలిక.

వీధిలో ప్రతి డబ్బానీ విప్పి చూసే మనిషి తన ఇంటి సంచిని ఏనాడూ చూడలేదు. తన ఇల్లే కదా, చూసేదేముంది?

మాస్టారిదని చెప్పెయ్ అక్కా అని హారన్ గొణిగాడట. నమ్మేవాళ్ళే. అత్త మాత్రం "మాదే" అంది. మర్నాటినుంచి దారి మారింది.

ఇంటికొచ్చి మంచం పక్కన కూలబడింది. కోపం తెచ్చుకోవడం కూడా చేతకాలేదు.

"ఎందుకు పారేశావయ్యా?"

మావయ్యకి మాట ముద్దముద్దగా వస్తుంది. "ముద్ద దిగట్లేదే. గిన్నెలో వదిలేస్తే నువ్వు చూస్తావు. చూస్తే కూర్చుని తినిపిస్తావు. నువ్వు కూర్చుంటే వాడు హారన్ కొడతాడు. ఆలస్యమైతే నీ దారి తీసేస్తారని..."

అత్త ఆయన్ని అటు తిప్పి పడుకోబెట్టింది.

ఇప్పుడు ఆ బండి మీద వేరే ఆవిడ ఉంది. మధ్యాహ్నం ఇంటి ముందు బండి ఆపేలా హారనే ఆవిడని ఒప్పించాడు. ఆవిడ లోపలికెళ్ళి మావయ్యని తిప్పుతుంది, పక్కన కూర్చుని తినిపిస్తుంది, ఆ తర్వాత సంచి విప్పి చూసి మరీ తీసుకెళ్తుంది. అంతసేపూ హారన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. షెడ్డు దగ్గర కలిసినప్పుడల్లా అత్త హారన్‌ని అడిగేది ఒక్కటే, తిన్నాడా అని.

"గిన్నె ఖాళీ అక్కా. మారు కూడా అడిగాడు."

మొదటిసారి ఆ మాట విని అత్త తొడుగులకంటిన మట్టి దులుపుకుంది.

"వండింది నేనేగా" అంది. "పరాయిమనిషి ముందు వద్దనడానికి మొహమాటం కాబోలు. ఉండనీ. తింటే చాలు."

చేతి తొడుగులు విప్పకుండానే గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.