ఉల్లిపాయల పంజరం

నా చిన్నప్పుడు టాటానగర్ రైల్వే క్వార్టర్లో రెండు గదుల్లో ఆరుగురం ఉండేవాళ్లం: నాయనమ్మ, అమ్మ, నాన్న, చిన్నాన్న, పిన్ని, నేను. శ్రీకాకుళం వదిలి ఇంత దూరం వచ్చింది విడిపోవడానికి కాదని నాయనమ్మ పట్టుదల. అమ్మా పిన్నీ ఇద్దరూ మంచివాళ్లే, కాకపోతే ఒకే పొయ్యి దగ్గర కాదు. వేరే గది చూసుకుందామని పిన్ని కళ్లు తుడుచుకుంటూ అడిగినప్పుడల్లా నాయనమ్మ అన్నం మానేసేది. దాంతో అందరి నోళ్లూ మూతపడేవి.

ఒకరోజు చిన్నాన్న సాక్చీ బజారు నుంచి నాకోసం ఎలుకల్లా ఉండే రెండు చైనా హామ్‌స్టర్లను పెంచుకోమని తెచ్చాడు. బొటనవేలంత పిల్లలు, అక్కాచెల్లెళ్లు, వీపు మీద నల్లటి చార. పెద్దయ్యాక కలిపి ఉంచొద్దని దుకాణం అతను మరీమరీ చెప్పాడట, అందుకే రెండు పంజరాలు కొన్నాడు. నాయనమ్మ రెండోదాంట్లో ఉల్లిపాయలు పోసింది.

"ఒక్క కడుపున పుట్టినవాటికి ఏరు కుంపటేటి?" అంది.

మొదట్లో రెండూ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి. ఎదిగేకొద్దీ పెద్దది చిన్నదాన్ని తిండి దగ్గరికి రానిచ్చేది కాదు. చిన్నదాని చెవికి గాటు పడింది. విడదీద్దామని నేను బతిమాలాను. తోబుట్టువులు కొట్టుకోకుండా పెరుగుతారా అని నాయనమ్మ నవ్వి, ఇంకో గిన్నె నిండా గింజలు పోసింది. కడుపు నిండితే కక్షలు పోతాయని ఆమె నమ్మకం.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి చిన్నది మెడ దగ్గర నెత్తురుతో చచ్చిపడి ఉంది. పారిపోవాలని ఎంత పెనుగులాడిందో, ముక్కు ఊచల మధ్య ఇరుక్కుని ఉంది. పెద్దదాన్ని రాక్షసి అన్నాను, ఏ పిల్లికైనా వేసేయమన్నాను. నాయనమ్మ చిన్నదాన్ని ఊచల నుంచి మెల్లగా విడిపించి అరచేతిలోకి తీసుకుంది.

"దాన్నేటీ అనకమ్మా. చోటు లేక కరిసింది. చోటుండీ ఇయ్యనిదాన్ని నేను."

పెరట్లో బొప్పాయి మొక్క కింద పూడ్చి వచ్చాక ఆమె ఉల్లిపాయలు గుమ్మరించి, ఆ పంజరం కడిగి, పెద్దదాన్ని అందులోకి మార్చింది. తర్వాత అటక మీది కిరసనాయిలు స్టవ్ దింపి, ఒత్తులు మార్చి పిన్ని చేతికిచ్చింది. ఊళ్లోనే కద్మా పేటలో గది చూసుకోమంది. పిన్ని నిలబడ్డచోటే ఏడ్చేసింది.

వాళ్లు వెళ్లిన రోజు కూడా నాయనమ్మ ఆరుగురికే బియ్యం కడిగింది. మిగిలిన అన్నం చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. కానీ ఈసారి అన్నం మానలేదు. కన్నీళ్లు తుడుచుకుంటూనే తింది. ఆదివారం పిన్ని వస్తే అమ్మ గుమ్మందాకా ఎదురెళ్లి చేతిలో సంచి అందుకుంది.

మొన్న మా కోడలు వేరే ఇల్లు చూసుకుంటామని నెమ్మదిగా చెప్పింది. వద్దనే మాట నోటిదాకా వచ్చింది. ఊచల మధ్య ఇరుక్కున్న ఆ చిన్న ముక్కు కళ్లముందు కదిలింది. లేచి, అటక మీద వాళ్లకి పనికొచ్చే గిన్నెలేమున్నాయో చూశాను.