నాలుగో అంతస్తులో చేప

అమెరికాలో చలికి సరస్సు కూడా గడ్డకట్టే డులూత్ అనే ఊళ్ళో, పిల్లల కేన్సర్ వార్డు నాలుగో అంతస్తులో ఉంటుంది. అక్కడ ఒక పిల్ల మంచం మీదే కూర్చుని ముప్ఫై పౌండ్ల చేపను పట్టింది. సరే, ముప్ఫై పౌండ్లన్నది కాస్త ఎక్కువే. చేప కూడా గుడ్డదే. కానీ నాలుగో అంతస్తు నిజం, గాలం నిజం, మంచం కింద పడుకున్న అల్మా హౌగెన్ కూడా నిజమే.

అల్మా అక్కడ జీతం లేకుండా పనిచేసే పెద్దావిడ. పిల్లలకు జనం తెచ్చే కానుకలన్నీ ముందు ఆమె బల్ల మీదికి రావాలి. మురికి బొమ్మ ఒక్కటి లోపలికి పోయినా ఆ పిల్లలకు జ్వరం రావచ్చు. జ్వరం వస్తే తట్టుకునే శక్తి వాళ్ళ ఒంట్లో లేదు. అందుకే అల్మా అందరినీ అనుమానించేది. ఎలుగుబంటి బొమ్మల చంకల్లో వాసన చూసేది. ఒక క్రిస్మస్‌కి శాంటా వేషంలో వచ్చినాయన గడ్డం ఊడబీకి సంచిలో మూట కట్టిందంటారు.

జనవరిలో ఒక పొద్దున అర్విడ్ నైగార్డ్ అనే ముసలాయన వచ్చాడు. ఒక చేతిలో పెద్ద మూట, ఇంకో చేతిలో మూత పెట్టిన బకెట్టు.

"ఏంటయ్యా అది?"

"గుడిసెమ్మా. గడ్డకట్టిన సరస్సుకి కంత పెట్టి చేపలు పట్టేటప్పుడు పైన వేసుకుంటాం చూడు, అదే. మంచానికి సరిపోయేట్టు కుట్టాను. గుడ్డ కొత్తది, ఉతికాను కూడా. నీ సంగతి ఊరంతటికీ తెలుసులే."

అల్మా కళ్ళు చిట్లించింది. చివరి గదిలో సిగ్ని అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. ఈ చలికాలం చేపల కోసం సరస్సు మీదికి వెళ్ళడానికి వీల్లేదని డాక్టరు చెప్పినప్పటి నుంచి గోడవైపు తిరిగి పడుకుంది. తిండి ముట్టడం లేదు. పిల్లల సంగతులు గడప దాటకూడదు కదా, మరి ఇతనికెవరు మోశారు? నర్సా?

"ఆ పిల్ల గురించి నీకెవరు చెప్పారు?"

"ఏ పిల్లమ్మా? ఈ ఊళ్ళో పుట్టి జనవరిలో మంచం పట్టిన పిల్లలకి ఇంకేం కావాలి, ఏనుగు బొమ్మలా?"

జవాబు మరీ తడుముకోకుండా వచ్చింది. అల్మా బకెట్టు మూత లాగింది. లోపల చిన్న చిన్న చేపలు గిలగిలా ఈదుతున్నాయి.

"ఎర! కేన్సర్ వార్డులోకి సరస్సు నీళ్ళా?"

అర్విడ్ బకెట్టులోకి తొంగి చూశాడు. "అయ్యో, అలవాటమ్మా! ఒక చెయ్యి గుడిసె పట్టుకుంటే రెండోది ఎర బకెట్టు పట్టేసుకుంటుంది. ఇంతవరకూ నేనే చూసుకోలేదు."

"నడు బయటికి!"

ఆయన బకెట్టు తీసుకెళ్ళి ట్రక్కులో పెట్టి వచ్చాడు. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. అల్మా మూట విప్పింది. ప్రతి కుట్టూ లాగి చూసింది, వాసన చూసింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. లోపల గడ్డకట్టిన సరస్సులా తెల్లగా, మధ్యలో గుండ్రటి కంత ఉన్న పలక, గాలం, ఒక గుడ్డ చేప. తప్పు దొరక్కపోయేసరికి ఆమెకు మరింత ఒళ్ళు మండింది. అంతలో చివరి గది నుంచి నర్సు తిండి పళ్ళెం వెనక్కి తెచ్చింది. గంజి పైన మీగడ తొరక అలాగే ఉంది.

అల్మా ఆ పళ్ళెం అందుకుని, మూట నర్సు చేతికిచ్చి, అర్విడ్ వైపు తిరిగింది.

"గుడిసె లోపలికెళ్తుంది. నువ్వెళ్ళవు. నీ ఒళ్ళంతా చేపల కంపు."

"మరి కింద నుంచి గాలానికి చేప తగిలించేదెవరు?"

"అది నా తలనొప్పి."

గుడిసె మంచం మీద లేచింది. పలకను మంచానికీ కుర్చీకీ మధ్య వేశారు. నర్సు గాలం కర్రను సిగ్ని చేతిలో పెట్టి, తాడును కంతలోంచి కిందికి వదిలింది. సిగ్ని గోడవైపు నుంచి తిరగలేదు. కాసేపటికి తాడు ఒక్కసారి కదిలింది. మళ్ళీ గట్టిగా లాగింది.

"ఏయ్, ఏదో పడింది!" సిగ్ని లేచి కూర్చుంది. "మాట్లాడకండి, చేప బెదురుతుంది!" ఆ తర్వాత గొంతు తగ్గించి, "నేనిక్కడి నుంచి కదలను. తిండి ఇక్కడికే తెండి," అంది.

ఈ సంగతి ఎవరైనా అడిగితే అల్మా కళ్ళజోడు పైనుంచి చూస్తుంది.

"మంచం కిందా? నా మోకాళ్ళతోనా? ఆ రోజు నేను డ్యూటీకే రాలేదు. అసలు ఆ గుడిసెను నేను లోపలికి రానివ్వనే లేదు. ఆ బుట్టలో ఏం తెచ్చావు నువ్వు? ఇటు చూపించు."